జూద వ్యసనము – ఇంటివారు చేయదగిన సహాయము

మహాశివరాత్రినాడు ఉపవాసముండి, ఇష్టలింగార్చన ముగించిన పిదప, జాగరణమునకై నలుగురు కూడి పేకముక్కలు పంచుకొనుట మన పల్లెలలో చిరకాలముగా చూచుచున్నదే. "నిద్ర రాకుండుటకు మాత్రమే" అని మొదలైన ఆట తెల్లవారుసరికి పందెముగా మారుటయు క్రొత్తది కాదు. అయినను పూర్వము ఆ పందెమునకు హద్దులుండెడివి. జేబులోని రొక్కము అయిపోయినచో ఆట ముగిసెడిది. దీపము కొండెక్కినచో ముగిసెడిది. లోపలినుండి పెద్దవారు దగ్గినచో ముగిసెడిది. సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాత ఆ మూడు హద్దులును పోయినవి. సొమ్ము కంటికి కనబడకయే బ్యాంకు ఖాతానుండి తరలిపోవును. ఖాతా ఖాళీయైనచో అప్పిచ్చు యాపు అదే ఫోనులో సిద్ధముగా నుండును. నడిరేయి దుప్పటి చాటున ఆడు ఆట ప్రక్కన నున్న భార్యకు సైతము తెలియదు.

జూదము మంచిది కాదని చెప్పుట ఈ పాఠము ఉద్దేశము కాదు. అది అందరును ఎరిగినదే. ఇంటిలో ఒకడు జూదమున చిక్కుకొన్నప్పుడు ఇంటివారు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు, ఎవరిని ఆశ్రయింపవలెను అను మూడు విషయములను తెలిసికొనుటయే ఇచ్చటి ప్రయోజనము.

ఒక గృహము

ఒక గృహమును ఊహింతము. ఇది ఏ ఒక్క కుటుంబము చరిత్రయు కాదు; కాని చదువరులలో పలువురకు పరిచితముగా తోచవచ్చును. జహీరాబాదు ప్రాంతమున ఒక లింగాయతు గృహస్థు కిరాణా దుకాణము నడుపుకొనుచున్నాడు. పెద్దకుమారుడు 28 ఏండ్లవాడు, ఒక కర్మాగారమున గుమాస్తా. వివాహమై రెండేండ్లయినది. చెల్లెలి పెండ్లికై ఇంటివారు నెలనెల చిట్టీ కట్టుచున్నారు.

ఒకనాడు స్నేహితుడు చూపగా ఆ యువకుడు ఫోనులో రమ్మీ ఆడి మూడువేల రూపాయలు గెలిచినాడు. ఆ సంగతి ఇంటిల్లిపాదికిని సంతోషముగా చెప్పినాడు. పిమ్మట ఏడాదిలో మూడు లక్షలు ఓడినాడు. ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు. ఆ యాపు మూతపడిన తరువాత క్రికెట్ పందెములకు మరలినాడు. అప్పులవారు దుకాణమునకు వచ్చినప్పుడు తండ్రి సరకు కొనుటకు దాచిన పైకముతో వారి నోరు మూయించి, కుమారునిచేత ఇష్టలింగము పట్టించి ప్రమాణము చేయించినాడు. ఆరు నెలలకు తల్లి గాజులు తాకట్టుకు పోయినవి. రెండవ ప్రమాణము జరిగినది. మూడవమారు చెల్లెలి పెండ్లి చిట్టీ సొమ్మే పోయినది. అప్పటికి అతడు లింగపూజకు కూర్చుండుట మానివేసి కొన్ని నెలలైనది. పూజ మానినాడు కనుక చెడిపోయినాడని తల్లి తలచినది. ప్రమాణము తప్పినవాడు ఆ లింగమును కన్నులెత్తి చూడలేక పూజ మానినాడని ఆమెకు తోచలేదు.

కోడలు మఠమునకు పోయి వృద్ధుడైన జంగమయ్యతో తన గోడు చెప్పుకొనెను.

"అయ్యగారూ, ఇంకొక్కసారి ప్రమాణము చేయించండి. మీ ఎదుట చేసినచో ఈసారి తప్పరు."

"తల్లీ, జ్వరము వచ్చినవానిచేత ఇక ఒళ్ళు కాలనీయనని ఒట్టు పెట్టింతుమా? రెండు ఒట్లు తప్పినవాడు మూడవది తప్పినచో ఇంకెక్కడ తలదాచుకొనును? నాకు ఒట్టు వద్దు, లెక్క కావలెను. ఎవరికి ఎంత ఇవ్వవలెనో కాగితము మీద వ్రాసి తెమ్మని చెప్పు. తిట్టనని నా మాటగా చెప్పు."

మరునాటి సాయంకాలము యువకుడు కాగితముతో వచ్చి "అయ్యా, శరణార్థి" అని దూరముగా నిలిచెను. "శరణార్థి నాయనా, దగ్గరకు వచ్చి కూర్చో" అని ఆయన కాగితమందుకొనెను. దానిలో 2,10,000 రూపాయలు కలవు. "ఇంకను?" అని ఆయన అడిగెను. యువకుడు కొంతసేపు ఊరకుండి మరి రెండు పద్దులు చెప్పెను. "ఇంకను?" అని మరల అడిగెను. మూడవమారు అడుగుసరికి మొత్తము 4,86,000 రూపాయలైనది. జంగమయ్య కోపింపలేదు. "ఇప్పుడు నీ బరువును మోయువారు ఇద్దరము" అని మాత్రము పలికెను.

ఆ వృద్ధుడు చేసిన పని చిన్నదిగా కనబడును. కాని వైద్యులు చెప్పు మొదటి మెట్టు అదియే. జూద వ్యసనము రహస్యమున పెరుగును. దాచిన లెక్కను నమ్మదగిన ఒక్క మనిషి ఎదుట విప్పిననాడు చికిత్స ఆరంభమగును. మొదటి లెక్క సాధారణముగా పూర్తిగా నుండదు. సిగ్గుచేత సగము దాగియే యుండును. కావున దానిని చూచి "మరల అబద్ధమాడినాడు" అని మండిపడక ఓర్పుతో అడుగవలెను.

ఇది దుర్గుణమా, వ్యాధియా?

జూదరిని ఇంటివారు సోమరియనియు, దుష్టుడనియు నిందింతురు. వైద్యశాస్త్రము చెప్పునది వేరు. అమెరికా మనోవైద్య సంఘము 1980లో జూద వ్యసనమును మానసిక వ్యాధుల పట్టికలో చేర్చినది. 2013లో దానిని మద్యము, మాదకద్రవ్యముల వ్యసనముల సరసన నుంచినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరినుండి అమలు చేయుచున్న వ్యాధుల వర్గీకరణమునందును ఇది వ్యసనరోగముగనే లెక్కింపబడినది.

దీని కారణము కొంత తెలిసినదే. ప్రతిమారును ఓడించు ఆటను ఎవడైనను విడుచును. ప్రతిమారును గెలిపించు ఆట లోకమున లేదు. ఎప్పుడు గెలుపు వచ్చునో తెలియని ఆటయే మనస్సును గట్టిగా బంధించును. ఒక్క ముక్క తక్కువై ఓడినప్పుడు మెదడు దానిని ఓటమిగా గాక "దాదాపు గెలుపు"గా గ్రహించును. అందుచేత ఓడినవాడు లేచిపోవుటకు బదులు మరల కూర్చుండును. పోయినదానిని రాబట్టవలెనని మరింత పెట్టును. ఇదియే వ్యసనమునకు నడిమి ముడి.

వైద్యులు పరిశీలించు లక్షణములు తొమ్మిది. (1) ఎల్లప్పుడును ఆటనుగూర్చియే తలపు. (2) మునుపటి ఉత్సాహము కలుగుటకు పందెము పెంచుకొనుచు పోవుట. (3) మానబోయి పలుమారులు విఫలుడగుట. (4) మానబోయినప్పుడు చిరాకు, అశాంతి. (5) దిగులు లేక భయము కలిగినప్పుడు ఆటకు పరుగిడుట. (6) పోయిన సొమ్మును రాబట్టుటకై మరునాడు మరల ఆడుట. (7) దాచుటకై అబద్ధములాడుట. (8) ఉద్యోగమును, చదువును, బాంధవ్యమును చేజార్చుకొను స్థితికి వచ్చుట. (9) ఆటవలన కలిగిన ఆపద గట్టెక్కుటకు ఇతరుల సొమ్ముపై ఆధారపడుట. పండ్రెండు నెలల కాలమున వీనిలో నాలుగైనను కనబడినచో వైద్యుని చూడవలెను.

ఇంటిలో అడుగుటకు రెండే ప్రశ్నలు చాలును: "పందెము నానాటికి పెంచవలెనని నీకు తోచుచున్నదా? ఎంత ఆడితివో నీవారికి అబద్ధము చెప్పవలసి వచ్చినదా?" ఒక్కదానికి "అవును" అని బదులు వచ్చినను ఉపేక్షింపరాదు.

మరియొక సంగతి పెద్దవారున్న ఇండ్లు తెలిసికొనదగినది. వణుకు వ్యాధికి, అనగా పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చు కొన్ని మందులవలన, ఏనాడును పేక ముట్టని వృద్ధునకు సైతము జూదముపై అదుపులేని కోరిక పుట్టవచ్చును. అట్టి మార్పు కనబడినచో మందులు తమంతట మానక, వెంటనే ఆ వైద్యునికే తెలుపవలెను.

నేర్పున్నవాడు గెలుచునా?

"రమ్మీ నేర్పుతో ఆడు ఆట; సుప్రీంకోర్టే చెప్పినది" అని జూదరి వాదించును. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున ఆ న్యాయస్థానము రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడినదని చెప్పిన మాట నిజమే. కాని ఆట చట్టసమ్మతమా కాదా అనునది న్యాయస్థానము ప్రశ్న. ఆడువాడు ఆపగలడా లేదా అనునది ఇంటివారి ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబు రెండవదానికి పనికిరాదు.

చిన్న లెక్క చూతము. ఆరుగురు తలకొక 100 రూపాయలు పెట్టి ఆడిరి. కుప్పలో 600 రూపాయలు. ఆట నడుపువాడు తన వంతు 60 రూపాయలు తీసికొని గెలిచినవానికి 540 ఇచ్చును. ఆరుగురును సమానమైన నేర్పుగలవారే అనుకొందము. 60 ఆటలలో ఒక్కొక్కడు పదేసి గెలుచును. ఒక్కొక్కడు పెట్టినది 6,000 రూపాయలు. వచ్చినది 5,400 రూపాయలు. అందరును సమముగా గెలిచిరి, అందరును 600 చొప్పున పోగొట్టుకొనిరి. ఆట నడుపువానికి 3,600 రూపాయలు మిగిలినవి. ఈ లెక్కను పిల్లలచేత పలకమీద వేయించినచో ఉపన్యాసముకంటె మేలు చేయును.

చట్టముల సంగతియు చెప్పవలెను. 1974 నాటి జూద నిషేధ చట్టమును తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను సవరించి, ఫోనులలో డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు డబ్బాటల నిషేధ చట్టము చేసినది. అట్టి ఆటలను నడుపువారికి మూడేండ్లవరకు ఖైదు, కోటి రూపాయలవరకు జుల్మానా అందు విధింపబడినవి. ఆ పిమ్మట పేరుమోసిన సంస్థలు తమ డబ్బాటలను నిలిపివేసినవి. కాని యాపు మూతపడినంతమాత్రమున మనస్సులోని తహతహ మూతపడదు. ఆ యువకునివలె పలువురు దొంగచాటు పందెములకు మరలుదురు. చట్టము తలుపు వేయగలదు. లోపలి రోగమునకు మందు వేరుగా వేయవలెను.

కాయకము, దాసోహము

బసవేశ్వరుడు బోధించిన కాయకమనగా కేవలము కష్టపడుట కాదు. తన శ్రమకు తగినది మాత్రమే తనదిగా గ్రహించుట. ఆయ్దక్కి మారయ్య దంపతుల కథ అందరును ఎరిగినదే. కల్యాణమున రాలిన బియ్యపుగింజలు ఏరుకొని తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరముకంటె ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపెను. కష్టము లేక వచ్చిన గుప్పెడు బియ్యమును ఇంటిలోనికి రానీయని తల్లి ఆమె. మొదటినాటి మూడువేలు ఇంటికి వచ్చినప్పుడు ఆ గృహమున లక్కమ్మవలె అడిగినవారు లేకపోయిరి. అందరును సంతోషించిరి.

కొందరు పురాణజ్ఞులు ఇచ్చట ఒక ఆక్షేపణ చెప్పుదురు. అరువది ముగ్గురు పురాతనులలో మూర్ఖ నాయనారు జూదమాడియే భక్తులకు అన్నము పెట్టలేదా అని. పెట్టినాడని పెరియపురాణము చెప్పుచున్నది. జూదరియు ఇదే మాట చెప్పును: "గెలిచినచో మఠమునకు దాసోహము చేయుదును." కాని మూర్ఖ నాయనారు కీర్తి పాచికలవలన వచ్చినది కాదు, తనకు ఏమియు ఉంచుకొనని భక్తివలన వచ్చినది. కన్నప్ప కన్ను పెకలించి ఇచ్చెనని మనము కన్నులు పెకలించుకొనుట లేదు గదా! పురాతనుల భక్తి మనకు ఆదర్శము. వారి సాహసములు మనకు విధులు కావు. పైగా చెల్లెలి పెండ్లి సొమ్ము ఒడ్డినవాడు చేయునది దాసోహము కాదు, పరుల సొత్తుతో పందెము.

ఇంటివారికి ఇంకను కష్టమైన ప్రశ్న ఒకటి కలదు: కుమారుని అప్పు తీర్చుట దాసోహము కాదా? కన్నకడుపునకు ఇది ధర్మముగనే తోచును. కాని అనుభవము వేరుగా చెప్పుచున్నది. ఆ గృహమున తండ్రి రెండుమారులు అప్పు తీర్చినాడు. రెండుమారులును వ్యసనమునకు క్రొత్త మూలధనము దొరికినది. ఎవరో ఒకరు గట్టెక్కింతురను నమ్మకము జూదరికి ఏర్పడినచో, ఓటమికి భయముండదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట దాసోహము. మంటకు నెయ్యి పోయుట దాసోహము కాదు. అతనికి భోజనము, నీడ, తోడు, చికిత్స ఇవ్వవలెను. చేతికి రొక్కము ఇవ్వరాదు. అతని అప్పు అతని కాయకముచేతనే, నెలనెల కొంతకొంతగా, తీరవలెను. ఇది కాఠిన్యము కాదు. అతనిని పెద్దమనిషిగా గౌరవించుట.

లెక్కను విప్పుటయందును బసవేశ్వరుడే మార్గదర్శి. ఆయన బిజ్జలుని భండారమునకు అధికారి. భండారము సొమ్ము భక్తులకు దోచిపెట్టుచున్నాడని అసూయాపరులు రాజుతో చెప్పగా, బసవన్న వెరవక లెక్క చూపెననియు, పైకము సరిగా నుండెననియు చెప్పుదురు. శరణునకు దాచవలసిన లెక్క ఉండదు. లెక్క తప్పినవాడును దానిని విప్పి చూపిన క్షణముననే ఆ దారిలో మొదటి అడుగు వేసినవాడగును.

సహాయము ఎచ్చట దొరకును?

మొదటిది, టెలిఫోను సహాయము. 2022 అక్టోబరు 10వ తేదీన భారత ప్రభుత్వము టెలిమానస్ అను మానసిక ఆరోగ్య సేవను ప్రారంభించినది. 14416 అను అంకెకు రేయింబవళ్ళు ఎప్పుడైనను, రుసుము లేక, తెలుగులోనే మాట్లాడవచ్చును. జూదరియే మాట్లాడవలెనని లేదు; భార్యగాని, తల్లిగాని తన బాధ చెప్పుకొని సలహా పొందవచ్చును. ఆ గృహమున కోడలే మొదట మాట్లాడెను.

రెండవది, వైద్యుడు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగములు కలవు. హైదరాబాదున ఎర్రగడ్డలోను, విశాఖపట్నమునందును ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో వ్యసనములకు ప్రత్యేక విభాగముండుటయే గాక, సెల్‌ఫోను మొదలగువాని అతివినియోగమునకు 2014నుండి వేరొక చికిత్సాకేంద్రము నడచుచున్నది. కన్నడసీమకు చేరువనున్న కుటుంబములకు ధార్వాడలోని మానసిక ఆరోగ్య సంస్థయు అందుబాటులో నున్నది. "పిచ్చాసుపత్రి" అని సంకోచింపవలదు. అచ్చటికి పోయినవారినందరను చేర్చుకొని ఉంచుకొనరు. పెక్కుమంది మాట్లాడి, మందు తీసికొని ఆనాడే ఇంటికి వత్తురు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము ప్రకారము రోగి విషయములను వైద్యులు గోప్యముగా ఉంచవలెను.

అచ్చట జరుగు చికిత్సలో మాటలే ముఖ్యము. ఏ వేళ, ఏ దిగులువలన, ఎవరితో కూడినప్పుడు ఆటపై మనసు పోవుచున్నదో రోగిచేతనే గుర్తింపజేయుదురు. "ఈసారి తప్పక వచ్చును" అను తలపు ఎంత తప్పో లెక్కతో చూపుదురు. కోరిక పుట్టినప్పుడు కొంతసేపు ఎట్లు దాటవేయవలెనో నేర్పుదురు. కోరిక కెరటమువంటిది, లేచును, తగ్గును. దిగులు, మద్యపానము కూడ ఉన్నచో వానికిని మందులిత్తురు.

మూడవది, సాటివారి తోడు. 1957లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున జూదము మానదలచిన కొందరు గ్యాంబ్లర్స్ అనానిమస్ అను సంఘముగా ఏర్పడిరి. నేడది పలుదేశములకు వ్యాపించినది. అచ్చట ఎవరిని ఎవరును నిందింపరు, రుసుము లేదు, నేటి ఒక్కదినము ఆడకుండుటయే నియమము. జూదరుల కుటుంబములకు వేరుగా కూటములు కలవు. దగ్గరలో అట్టి కూటము లేనిచోట, మునుపు చిక్కుకొని బయటపడిన ఒక పెద్దమనిషి తోడును ఎంతయో మేలుచేయును.

నాలుగవది, అప్పులకు సంబంధించిన సహాయము. సిబిల్ మొదలగు సంస్థలనుండి ప్రతివాడును తన ఋణముల పూర్తి పత్రమును ఏడాదికొకసారి ఉచితముగా పొందవచ్చును. బ్యాంకులకును, గుర్తింపు గల సంస్థలకును ఉన్న బాకీలు దానిలో కనబడును. చేబదుళ్ళు మాత్రము నోట చెప్పవలసినదే. 1872 నాటి ఒప్పందముల చట్టము 30వ విభాగము ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. పందెములో గెలిచితినని చెప్పుకొను సొమ్మునకై దావా వేయుటకు వీలులేదు. అప్పు యాపులవారు బెదిరించినను, మోసగించినను 1930 అను సైబర్ నేరముల అంకెకును, పోలీసు ఠాణాకును ఫిర్యాదు చేయవచ్చును. న్యాయసలహాకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. దాని అంకె 15100. ఒక అప్పు తీర్చుటకు మరియొక యాపులో అప్పు చేయుట మాత్రము ఎన్నడును కూడదు.

ప్రాణాపాయమున్నప్పుడు

అప్పు బయటపడిన దినములలో జూదరి మనస్సు మిక్కిలి ప్రమాదస్థితిలో నుండును. "నేను లేకున్న మీరు సుఖపడుదురు" అనువాని మాటను నాటకమని కొట్టివేయరాదు. "చనిపోవలెనని తోచుచున్నదా నాయనా?" అని సూటిగా, మెత్తగా అడుగవలెను. అడిగినందువలన ఆ తలపు క్రొత్తగా పుట్టదు. చెప్పుకొన్నవానికి బరువు తగ్గును. ఒంటరిగా విడువరాదు. 14416 కు గాని, వెంటనే అపాయమున్నచో 112 కు గాని ఫోను చేసి, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. అప్పు సంగతి, పరువు సంగతి తరువాత చూచుకొనవచ్చును.

మఠములు చేయదగినవి

ఒకటి: శివరాత్రి జాగరణమున పేకకు బదులు భజన, పురాణశ్రవణము, పిల్లలకు పోటీలు ఏర్పరచుట. రెండు: 14416 అను అంకెను మఠము గోడపై, ప్రసాదనిలయమున అందరికిని కనబడునట్లు వ్రాయించుట. మూడు: తన లెక్క చెప్పుకొన వచ్చినవాని మాటను రెండవ చెవికి చేరనీయకుండుట. నాలుగు: ఇష్టలింగముపై ప్రమాణము చేయింపకుండుట, దానికి బదులు నిత్యము ఒకమారు వచ్చి కనబడుమని చెప్పుట. ఐదు: కోలుకొనుచున్నవానికి వడ్డన, తోటపని వంటి సేవ ఇచ్చుట, హుండీ, జమాఖర్చు మాత్రము కొంతకాలము ఇవ్వకుండుట. ఇది అవమానము కాదు. కాలు విరిగినవానికి మూట ఎత్తకుండుటవంటిది.

ఊరిలింగ పెద్ది మునుపు దొంగయని, గురుకృపచే శరణుడై, ఆ గురుపీఠమునకే అధిపతియైనాడని మన పెద్దలు చెప్పుదురు. దొంగతనమునకు వచ్చినవానిని వెలివేయక చేరదీసిన సంప్రదాయము మనది. జూదమున పడినవానికి ఆ తలుపు ఎట్లు మూసివేయుదుము?

మరల పడినచో

ఆ గృహమునకు మరల వత్తము. జంగమయ్య సలహాపై యువకుడు జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు భార్యతో కలిసి పోయినాడు. జీతము భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో పడునట్లు చేసిరి. ఏటీఎం కార్డు ఆమె వద్ద నుండెను. అతని ఫోనులో డబ్బు పంపు యాపులు తీసివేసిరి. బంధుమిత్రులకు "చేబదులు ఇవ్వవలదు" అని అతడే స్వయముగా చెప్పినాడు. ఇది అన్నిటికంటె కష్టముగా నుండెనని తరువాత అనెను. ఇంటి ఖర్చు, గాజుల తాకట్టు వడ్డీ పోగా మిగిలినది అప్పులవారికి వంతులుగా ఇచ్చుట మొదలుపెట్టిరి.

ఎనిమిది నెలలకు ఒక క్రికెట్ మ్యాచినాడు అతడు తోటి ఉద్యోగి ప్రోత్సాహముచే 500 రూపాయలు పందెము కాసి పోగొట్టుకొనెను. ఆ రాత్రి భోజనమునకు ముందే భార్యతో చెప్పెను. ఆమె ఏడ్చినది, కాని ఉదయమున ఇద్దరును మఠమునకును, ఆ వారముననే వైద్యుని వద్దకును పోయిరి. మానినవాడు మరల ఒకమారు పడుట ఈ వ్యాధిలో తరచుగా జరుగునదే. అంతటితో చేసిన శ్రమ అంతయు వృథాయైనదని తలపరాదు. మునుపు మూడు లక్షలు ఏడాదిపాటు దాచినవాడు ఈసారి ఐదువందలు ఒక్క పూట కూడ దాచలేదు. వైద్యుడు చూచునది ఆ తేడానే.

అప్పు ఇంకను మూడు లక్షలకు పైగా నున్నది. చెల్లెలి పెండ్లి ఒక ఏడాది వెనుకకు పోయినది. మఠములో నిరాడంబరముగా చేయుటకు నిశ్చయించిరి. ఆమెకు అన్నపై కోపము పూర్తిగా పోలేదు; పోవలెనని ఎవరును ఆమెను తొందరపెట్టుట లేదు. అతడు ఉదయమున మరల లింగపూజకు కూర్చుండుచున్నాడు. ప్రతి శనివారము రాత్రి ఇంటిలో ఆ వారపు జమాఖర్చు పుస్తకము అందరి ఎదుట తెరువబడుచున్నది.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. ఇంటికి శ్రమలేక వచ్చిన సొమ్మునుగూర్చి మన గృహమున లక్కమ్మవలె అడుగువారెవరు?

2. జూదరికి అన్నము పెట్టుటకును, అతని అప్పు తీర్చుటకును గల భేదమేమి?

3. ప్రమాణము చేయించుటకంటె లెక్క విప్పించుట ఏల మేలు?

4. మన ఊరిలో ఒకడు తన లెక్క చెప్పుకొనదలచినచో, తిట్టకుండ వినువారు ఎవరు కలరు? ఎవరును లేనిచో, ఆ స్థానమున కూర్చుండదగినవారు ఎవరు?

శరణు శరణార్థి.